నేపాల్ గడియారంలో ఆ పావుగంట ఎక్కడిది?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి ఉదయం ప్రార్థన అయ్యాక రోజుకొకరు లోకంలోని ఓ చిన్న విశేషం చెబుతున్నారని మీ పిల్లలు ఇంట్లో చెప్పే ఉంటారు. మొదటి వారం చాలామంది వాట్సాప్‌లో వచ్చినవే బట్టీపట్టి అప్పజెప్పారు. అందుకే ఒక నియమం పెట్టాం. విశేషం చెప్పినవాళ్లే ‘ఎందుకు?’ అన్నదానికీ జవాబు చెప్పాలి. అప్పట్నుంచి అసలు కళ వచ్చింది.

మొన్న ఆరో తరగతి పాప ఒకరు, నేపాల్ టైమ్ మనకన్నా పావుగంట ముందుంటుందని చెప్పింది. ఎందుకని అడగ్గానే గ్లోబు పట్టుకొచ్చింది. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి డిగ్రీకి 4 నిమిషాలు. మన దేశ సమయానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది మన కాకినాడకు దగ్గర్లోనే వెళ్తుంది. నాలుగుతో గుణిస్తే 330 నిమిషాలు, అంటే సున్నా డిగ్రీల రేఖ ఉన్న లండన్‌లోని గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందు. నేపాల్ మాత్రం 1986 నుంచి గౌరీశంకర్ శిఖరం మీదుగా పోయే 86.25 డిగ్రీల రేఖను తీసుకుంది. దాని లెక్క 345 నిమిషాలు. తేడా సరిగ్గా పావుగంట! బోర్డు మీద ఆ గుణకారం వేసింది కూడా పిల్లలే.

నాకు బాగా నచ్చింది ఇథియోపియా సంగతి. అక్కడి జనం రోజును తెల్లవారడంతో మొదలుపెట్టి లెక్కిస్తారు. మన పద్ధతిలో ఉదయం ఏడు అనేదాన్ని వాళ్లు ఒంటిగంట అంటారు. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాది పొడవునా పగటి నిడివి పెద్దగా మారదు, ఈ పద్ధతి అక్కడ చక్కగా కుదురుతుంది. మన పంచాంగంలో ఘడియలు కూడా సూర్యోదయం నుంచే లెక్క కదా. ఒక ఘడియ అంటే 24 నిమిషాలని తాతయ్యలు, అమ్మమ్మలు చెబితే పిల్లలు ఇంకా బాగా గుర్తుపెట్టుకుంటారు.

పసిఫిక్ సముద్రంలోని సమోవా దేశంలో 2011 డిసెంబర్ 30 అనే రోజే లేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో వ్యాపారం సులువుగా సాగాలని తేదీ రేఖకు (ఇటు ఒక తేదీ, అటు మరో తేదీ ఉండే ఊహారేఖకు) అవతలి వైపుకి మారారు. 29 గురువారం తర్వాత నేరుగా 31 శనివారం వచ్చింది.

మీ నుంచి ఒక్క సాయం కావాలి. దుబాయ్ నుంచో అమెరికా నుంచో బంధువులు ఫోన్ చేసినప్పుడు, అక్కడ టైమెంతో పిల్లల్నే లెక్కకట్టనివ్వండి. దుబాయ్ తేలిక, మనకన్నా గంటన్నర వెనక. న్యూయార్క్‌తో తేడా ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. ఎందుకు మారుతుందో వెంటనే చెప్పేయకండి, రెండు రోజులు వెతకనివ్వండి.

వచ్చే వారం అంశం, అమెరికా ఖండాల నుంచి మన వంటింటికి చేరిన మిరప, టమాటా, బంగాళాదుంప. మిరప రాకముందు కారానికి మిరియాలు వాడేవారు. ఆ రుచి తెలిసిన పాత వంట మీ ఇంట్లో ఎవరికైనా వస్తే పిల్లల డైరీలో రాసి పంపండి. వాళ్లను ప్రార్థనకు పిలిచి చెప్పిద్దాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు