అడ్డరోడ్డు మీద ఉన్న ఫ్లెక్సీ మేం పెట్టింది కాదు

తిప్పర్తి అడ్డరోడ్డు దగ్గర నిన్నటి నుంచి ఒక ఫ్లెక్సీ వేలాడుతోంది. "ఫైరింజన్‌ను సకాలంలో పంపించి మా కుటుంబాన్ని ఆదుకున్న ప్రియతమ అన్నగారికి హృదయపూర్వక కృతజ్ఞతలు" అని పెద్ద అక్షరాలు, కింద మా ఇంటిపేరుతో "కుటుంబ సభ్యులు" అని చిన్న అక్షరాలు. చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే చెప్తున్నా. అది మేం వేయించలేదు. మా పెద్దమ్మ నల్లగొండ ఆస్పత్రిలో ఉంది, మా అన్న కాలిన దూలాల్లో ఏది పనికొస్తదో ఏది రాదో చూసుకుంటున్నాడు. ఫ్లెక్సీ కొట్టించే తీరిక మా ఇంట్లో ఎవరికీ లేదు. కృతజ్ఞత లేక కాదు, కడుపునిండా ఉంది. కాకపోతే అది చెల్లాల్సినవాళ్లు వేరే ఉన్నారు.

విషయం తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో. సంక్రాంతి ముందు ఏరిన పత్తి అంతా ముందు గదిలో, వసారాలో పోసి ఉంది. తేమ పన్నెండు శాతం దాటితే సీసీఐ (పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) కేంద్రంలో తీసుకోరు కదా, అందుకని పగలు ఎండబోయడం, పొద్దుగూకినంక లోపలికి ఎత్తడం. ఆ రాత్రి స్విచ్ బోర్డు దగ్గర నిప్పురవ్వలు రాలి పత్తికి అంటుకుంది. పెద్దమ్మ వెనక గదిలో పడుకుని ఉంది.

మొదటి దండం పక్కింటి ఇంటర్ పిల్లగాడికి. 101కి ఫోన్ కొట్టింది వాడు. ఏ లీడర్ అన్నకూ కొట్టలేదు, ఎవరి పైరవీ లేదు. కొట్టి ఊరుకోలేదు కూడా. "తిప్పర్తి దాటినంక నీళ్ల ట్యాంకు కాడ ఎడమ చేతికి తిరగాలె సార్, అక్కడ మా దోస్తు బండి లైట్ వేసుకుని నిలబడ్తడు" అని చెప్పి, దోస్తును నిజంగానే రోడ్డు మీదికి తరిమిండు. చీకట్లో మా ఊరి తొవ్వ కొత్తవాళ్లకు దొరకదని ఆ వయసు పిల్లగాడికి తట్టింది.

ఏమాత్రం ఆలస్యం లేకుండా వెనక కిటికీ చువ్వలను గడ్డపారతో వంచి పెద్దమ్మను బయటికి లాగినవాళ్లు మా వాడకట్టులో ఉండే కాకా, ఆయన ఇద్దరు కొడుకులు. భూమి గట్టు దగ్గర మాకూ వాళ్లకూ పదేళ్లుగా మాటల్లేవు. ఇది రాయాలా వద్దా అనుకున్నా, రాయడమే న్యాయం. కాకా, మీ కాళ్లు మొక్కినా తక్కువే.

లైన్‌మన్ అన్నకు కూడా. బనీను మీదనే ఉరికొచ్చి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకేసిండు. అప్పటికే మావాళ్లు బిందెలు అందుకున్నారు. "కరెంట్ బందయ్యేదాకా నీళ్లు చల్లితే సస్తరు, ఆగుండ్రి" అని అరిచి ఆపిండు.

ఇక ఫైర్ వాళ్లు. నల్లగొండ నుంచి వచ్చారు. బండి దిగుతూనే లీడింగ్ ఫైర్‌మన్ అడిగిన మొదటి ప్రశ్న మంట గురించి కాదు. "లోపల మనుషులున్నరా? గ్యాస్ సిలిండర్ యాడుంది?" ఇద్దరు తడి గోనెసంచులు కప్పుకుని వంటింట్లోకి పోయి సిలిండర్ బయటికి దొర్లించారు. ఆ తర్వాతే పైపు విప్పారు. అరగంటలో మంట అణిగింది, మేం అయిపోయిందనుకున్నాం. వాళ్లకు అయిపోలేదు. పత్తి సంగతి మనకన్నా వాళ్లకే బాగా తెలుసు: పైన నల్లగా తడిసి ఆరినట్టే ఉంటది, లోపల మాత్రం కుంపటి రాజుతూనే ఉంటది. నీళ్లు లోపలికి దిగవు. కొక్కేలతో కుప్పను పెళ్లలు పెళ్లలుగా లాగి, పరిచి, తడిపి, మళ్లీ లాగి, ఒక్కో పెళ్ల కింద చెయ్యి పెట్టి వేడి చూసి, తెల్లారేదాకా అదే పని. ట్యాంకులో పట్టేది నాలుగున్నర వేల లీటర్లు. అది అయిపోతే మా బోరు దగ్గర నింపుకున్నారు. బూడిదలో నుంచి ట్రంకుపెట్టె తీసి, మూత వంగి రాకపోతే గొడ్డలి వెనకతో కొట్టి తెరిచి, అంచులు కాలిన పట్టాదారు పాసుపుస్తకం మా అన్న చేతిలో పెట్టిందీ వాళ్లే. చాయ్ పెడతామంటే వద్దన్నారు. అన్న జేబులో చెయ్యి పెట్టబోతే ఆ పెద్దాయన "నువ్వు ఇయ్యాల ఇచ్చేటోనివి కాదు తమ్మీ" అన్నాడు. పేర్లు అడిగితే "మా డ్యూటీ సార్" అని బండెక్కారు. అందుకే ఇక్కడ పేర్లు లేవు.

108 అంబులెన్స్‌లో వచ్చిన చెల్లె గురించి కొంచెం ఎక్కువ రాస్తా. బండి వచ్చేసరికి పెద్దమ్మ రెండు చేతులు మోచేతుల దాకా కాలి ఉన్నాయి. ఎవరో టూత్‌పేస్టు పట్టుకొచ్చారు, ఎవరో ఇంకు అన్నారు. ఆ ఈఎంటీ (అంబులెన్స్‌లో ప్రథమ చికిత్స చేసే) చెల్లె అన్నీ పక్కకు పెట్టించి మంచినీళ్లు ధారగా పోస్తూ కూర్చుంది. తర్వాత గాజులు తీయాలంది. పెద్దమ్మ ఒప్పుకోలేదు. అంత మంటలో, అంత నొప్పిలో, "మా ఆయన బతికుండంగ నా గాజులు తీస్తరా" అని చెయ్యి వెనక్కి గుంజుకుంది. "పెద్దమ్మా, ఇంక జర్రసేపైతే చెయ్యి వాస్తది, గాజు కండలకు దిగుతది, అప్పుడు కోసి తీస్తరు. నేను నీ బిడ్డ లెక్క. నీకు కొత్త గాజులు నేనే తొడుగుత" అని ఒక్కొక్కటే తీసింది. బండి నడిపిన పైలట్ అన్న గుంతలున్న ప్రతిచోటా బండిని నడకకు తెచ్చాడని మా పెద్దనాయిన రెండు రోజులు అదే చెప్పిండు. ఆ చెల్లె మాట మరిచిపోలేదు. వారం తిరగకముందే డ్యూటీ దిగి వార్డుకొచ్చి డజను పచ్చగాజులు ఇచ్చిపోయింది. కట్లు విప్పేదాకా తొడగొద్దని డాక్టరు అన్నారు, దిండు కింద పెట్టుకుంది. వార్డులో కట్లు మార్చే సిస్టర్లకు కూడా మా నమస్కారాలు, పెద్దమ్మ నోటికి తట్టుకోవడం మామూలు విషయం కాదు.

ఇప్పుడు ఫ్లెక్సీలో ఉన్న అన్న సంగతి. పేరు రాయను. రాస్తే అదొక కొట్లాటై పెద్దమ్మ సంగతి పక్కకు పోతది. పొద్దున తొమ్మిదింటికి మూడు కార్లతో వచ్చి, తడి బూడిద చెప్పులకు అంటకుండా వసారా బయటే నిలబడి, మా అన్న భుజం మీద చెయ్యేసి ఫొటో దిగిపోయిండు. అదే మనిషి దసరా ముందర మా ఊరి బొడ్రాయి కాడ మైకు పట్టుకుని చెప్పింది ఊరంతా విన్నది. "జీతాలకే ఖజానా ఖాళీ అయితుంది. మండలానికో ఫైరింజన్, ఊరికో అంబులెన్స్ అంటే ఎట్ల? మా తాతల కాలంల ఫైరింజన్లు ఉండెనా? ఊరోళ్లే ఆర్పుకోలేదా?" ఆ రోజు చప్పట్లు కూడా పడ్డాయి. తర్వాత ఆయన ఫంక్షన్ హాల్లో జనరేటర్ రూములో పొగ వస్తే తాతల కాలం గుర్తుకు రాలేదు. ఒక బండి పోతే సరిపోదని, రెండోది ఎందుకు రాలేదని ఫోన్లో గద్దించిండని అక్కడ పనిచేసిన మా ఊరి పిల్లలే చెప్పారు. అక్కడ మంట లేదు, బెల్టు కాలిన వాసన.

ఖర్చు గురించి అడగొద్దని నేననను. పన్ను కట్టేది మనం, లెక్క అడగాల్సిందే. హెలికాప్టర్ దిగేచోట ఫైరింజన్ ఉండాలన్నది భద్రత కోసం పెట్టిన ఏర్పాటు, దాన్నీ తప్పుపట్టను. కానీ పెద్దలు దిగేముందు దుమ్ము లేవకుండా అదే ఫైరింజన్‌తో నేల తడిపిస్తారు చూడండి, అప్పుడు దుబారా అన్న మాట ఎవరి నోటా రాదు. 2016లో మన ఎమ్మెల్యేల జీతభత్యాలు నెలకు రెండున్నర లక్షలకు పెరిగినప్పుడు ఖజానా ఖాళీ అని మైకు ముందు బాధపడ్డ నాయకుడెవరో నాకైతే యాదికి లేదు. మన జిల్లాలోనే 2022 నవంబర్‌లో మునుగోడు ఉపఎన్నిక జరిగింది. అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. ఆ రెండు నెలలు అటువైపు చుట్టాలున్న ఎవరినైనా అడగండి, 40 లక్షలంటే నవ్వుతారు.

108 ఎవరి ఘనత అన్న కొట్లాట ఇంకొకటి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది, ఇరవై ఏళ్లు దాటింది. ప్రభుత్వం మారినప్పుడల్లా కొత్త బండ్లకు జెండా ఊపే ఫొటో ఒకటి వస్తది. ఆ బండిలో రాత్రంతా తిరిగే పైలట్లు, ఈఎంటీలు జీతాల కోసం ధర్నాకు కూర్చున్న రోజు మాత్రం ఆ జెండా ఊపిన చేతులు కనబడవు. కేంద్రం 2023లో రాష్ట్రాల అగ్నిమాపక శాఖల కోసం 5,000 కోట్ల పథకం పెట్టింది. దాంట్లో మనలాంటి రాష్ట్రాలు పావు వంతు వాటా తమ బడ్జెట్ నుంచి కలపాలి. మైకు పట్టుకునే అన్నలు ఆ వాటా గురించి అడిగితే మేమూ చప్పట్లు కొడతాం.

2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు కాలి 45 మంది పోయారు. ఆ హైవే మీద రాత్రి బస్సెక్కే పాలమూరు జనాన్ని ఫైర్ స్టేషన్ దుబారా అవునో కాదో అడిగి చూడండి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. మా నల్లగొండకు నీళ్లు తేవాల్సిన సొరంగం అది, దాదాపు 44 కిలోమీటర్లు. ఎవరి హయాంలో ఎంత ఖర్చయింది, ఎవరు పని ఆపారు అని బయట టీవీల ముందు లెక్కలు అప్పజెప్పుకుంటుంటే, లోపల మోకాళ్ల లోతు బురదలో సింగరేణి రెస్క్యూ వాళ్లు, కేంద్ర విపత్తు బృందం ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు, ఉత్తరాది నుంచి వచ్చిన ర్యాట్ హోల్ (ఎలుక బొరియల్లాంటి సన్నటి దారులు చేత్తో తవ్వే) కార్మికులు తవ్వారు. నెలరోజులు పైబడి తవ్వితే రెండు మృతదేహాలు బయటికొచ్చాయి. ఆ తవ్వినవాళ్లలో ఒక్కరి మొహం కూడా ఏ ఫ్లెక్సీ మీదా నేను చూడలేదు.

మాకు సాయం చేస్తామని ఫోన్లు చేస్తున్నవాళ్లకు: డబ్బులు ఇప్పటికి వద్దు. తహసీల్దార్ ఆఫీసు నుంచి వచ్చి పంచనామా రాసుకుని పోయారు, ఫైర్ వాళ్ల రిపోర్టు చేతికొచ్చింది, నష్టపరిహారం సంగతి చూస్తున్నాం. బియ్యం, దుప్పట్లు వాడకట్టువాళ్లే తెచ్చి పడేశారు, పెట్టుకోను చోటు లేదు.

ఒక్క పని మాత్రం చేసిపెట్టండి. పోయేముందు ఫైర్ పెద్దాయనను "మీకేమన్నా చేయాలంటే ఏం చేయమంటారు సార్" అని అడిగినం. "మీ సందు మూల మీద ఆ శిలాఫలకం దిమ్మె తీయించుండ్రి. బండి తిరగక వెనక్కి ముందుకు గుంజుడే ఐదు నిమిషాలు పట్టింది" అన్నాడు. సీసీ రోడ్డుకు శంకుస్థాపన అని కట్టిన దిమ్మె అది. రోడ్డు రాలేదు, దిమ్మె ఉంది. దాని మీద పేరు ఎవరిదో మా ఊరోళ్లకు చెప్పనక్కర్లేదు. తీయించాలని పంచాయతీకి అర్జీ రాసి మా వాడకట్టు కిరాణా దుకాణంలో పెట్టినం. కాక మొదటి సంతకం చేసిండు. ఆదివారం లోపు వచ్చి మీరూ చేసిపోండి, పెన్ను అక్కడే తాడుకు కట్టి ఉంటది.