నువ్వు అడిగిన కత్తి గురించి

హన్మకొండ,
ఆదివారం

బిడ్డా సింధూ,

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, నిన్న సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద నాతో పాటు నడిచింది. చిన్నత్త ఇంటికి రంగులు వేయిస్తోంది, ఆకుపచ్చ వద్దంటే వినలేదు. ఎండాకాలంలో నువ్వు ఒక మాట అడిగావు గుర్తుందా? అడవిలో సర్వే పనికి ఎలాంటి కత్తి దగ్గర పెట్టుకోవాలని. అది ఫోనులో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కనుక తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. వేరే కారణమేమీ లేదు. బతుకమ్మకు వచ్చినప్పుడు సుజాత నీ ఎడమ చేతికి ఏదో తగిలిందని అన్నది, మళ్ళీ వెంటనే మాట మార్చింది. ఆ సంగతి తర్వాత.

నువ్వు తెప్పించుకున్న తళతళలాడే కత్తి స్టెయిన్‌లెస్. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ ఉక్కులో క్రోమియం బాగా కలిపి చేసిన రకం దాని పూర్వీకుడు. వంటింట్లో, ఆపరేషన్ గదిలో దానికి సాటి లేదు. కానీ బయట, మట్టిలో, కర్ర మీద పని చేసే కత్తికి నేను పాత టూల్ ఉక్కునే నమ్ముతాను. మా టూల్‌రూమ్‌లో పంచ్‌లు, డైలు (రేకు కత్తిరించే అచ్చులు) చేసిన ఓహెచ్ఎన్ఎస్, అంటే ఆయిల్ హార్డెనింగ్ నాన్ ష్రింకింగ్ ఉక్కు అన్నమాట. నూటికి సుమారు 0.9 వంతు కార్బన్, ఒక వంతుకు కాస్త ఎక్కువ మాంగనీసు, చిటికెడు క్రోమియం, చిటికెడు టంగ్‌స్టన్, మిగతాదంతా ఇనుమే. దాన్ని కాల్చి నూనెలో ముంచితే చాలు, గట్టిపడుతుంది, పెద్దగా వంకర పోదు. ప్రెస్ కింద పొద్దంతా రేకును కత్తిరించినా అంచు నిలిచేది.

అసలు గొప్పతనం గట్టిదనంలో లేదు, మళ్ళీ పదును పెట్టుకోవడంలో ఉంది. ఇప్పుడు వస్తున్న ఖరీదైన ఉక్కుల్లో వెనేడియం పోస్తున్నారు. అందులో పుట్టే గట్టి రవ్వలు మామూలు సానరాయి కంటే గట్టివి. రాయే అరుగుతుంది తప్ప అంచు అరగదు, వజ్రపు పొడి అద్దిన పలక కావాలి. మొద్దుబారిన రోజున నడి అడవిలో అది ఎక్కడి నుంచి తెస్తావు? టూల్ ఉక్కుకు వాగులో దొరికే నున్నటి రాయి, కాసిన్ని నీళ్ళు చాలు. మొద్దు కత్తే చేయి కోస్తుంది బిడ్డా. దిగడం లేదని బలం పెడతాం, జారుతుంది, అవతల పట్టుకున్న చేతిలో దిగుతుంది. నీది కుడిచేతి వాటం. తగిలింది ఎడమ చేతికి అంటున్నారు. అందుకే అడుగుతున్నాను, ఆ రోజు నీ కత్తికి పదును ఉందా?

నీకు తాత కత్తి సంగతి ఎవరూ పూర్తిగా చెప్పి ఉండరు. నా చిన్నప్పుడు మేడారం జాతరకు బండ్లు కట్టుకుని వెళ్ళాం. మన బండి, పెద్దబాపు బండి, వెనక నర్సవ్వ వాళ్ళది. అమ్మవార్లకు మొక్కిన బంగారం, అదే బెల్లం, గోనె సంచిలో మా బండి మీదే ఉంది. దాని మీద ఎవరూ కూర్చోకూడదని అవ్వ దారంతా కాపలా. పస్రా దాటి తాడ్వాయి వైపు అడవిలోకి వచ్చేసరికి చీకటి పడింది. రాతి మీద చక్రం ఎగిరి, ఎడమ ఎద్దు పక్కకు గుంజేసరికి కాడికి ఉండే పుల్ల పుటుక్కున విరిగింది. వెనక బండ్లన్నీ ఆగిపోయాయి, అరుపులు. పెద్దబాపు నడుముకు హైదరాబాదులో కొన్న మడత కత్తి ఉండేది, అందరికీ తీసి చూపించేవాడు. కింద పడి ఎండిన తునికి కొమ్మ దొరికితే దాన్ని చీల్చబోయాడు. తునికి ఎంత గట్టిదో నీకు నేను చెప్పాలా! రెండో దెబ్బకు మడత దగ్గర మేకు వదులై కత్తి వాలిపోయింది. తాత ఏమీ అనలేదు. లారీ కమాను పట్టీ ముక్కతో కమ్మరి కొమురయ్య తండ్రి కొట్టిచ్చిన కత్తి తీశాడు. నల్లగా, మచ్చలు మచ్చలుగా ఉండేది, చూడటానికి ఏమీ బాగుండదు. కొమ్మ మీద అంచు ఆనించి, వీపు మీద ఇంకో కర్రతో కొట్టాడు. కొమ్మ నిలువునా చీలింది. లాంతరు నేను పట్టుకున్నాను. పుల్ల కొస సన్నం చేస్తుంటే పెచ్చులు రాలేవి, అవన్నీ ఏరి కొంగులో వేసుకుని అవ్వ తర్వాత పొయ్యి ముట్టించింది. పుల్ల కాడిలో సరిపోయేదాకా తీశాడు, చూశాడు, మళ్ళీ తీశాడు. తెల్లారి జంపన్నవాగులో స్నానాలు చేస్తుంటే తాత ఒడ్డున కూర్చుని రాయి మీద ఆ కత్తి నూరాడు. నూరి, ముంజేతి మీద వెంట్రుకలు గీసి చూసుకుని, తుడిచి, ఆముదం రాశాడు. ఆ తర్వాతే స్నానం.

ఇది మన వైపు కొత్త విద్య కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఉక్కు వండేవాళ్ళు, కొనడానికి ఇరాన్ నుంచి వర్తకులు వచ్చేవాళ్ళు. హెన్రీ వాయిసీ అనే దొర చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. దమస్కస్ కత్తులని లోకం పొగిడిన వాటికి ముడిసరుకు ఇలాంటి ఉక్కే. నిర్మల్ కొయ్యబొమ్మలంటే అందరికీ తెలుసు, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఉక్కు చేశారని మన పిల్లలకు ఎవరూ చెప్పరు. నీ స్నేహితులకైనా చెప్పు.

సరే, విషయానికి వస్తాను. నా దగ్గర దాచుకున్న ఓహెచ్ఎన్ఎస్ పలక ముక్కను కొమురయ్య కొలిమికి తీసుకెళ్ళాను. పిడి లోపల కొస దాకా ఒకే ఉక్కు ఉండేలా గీత గీసిచ్చాను. మడత వద్దు, అతుకు వద్దు. స్టెయిన్‌లెస్ అయితే వెయ్యి డిగ్రీలు దాటించాలి, కొలిమిలో అదుపు దొరకదు. దీనికి ఎనిమిది వందలు చాలు. అయస్కాంతం ఆనించి చూస్తూ కాల్చాం. 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతాన్ని వదిలేస్తుంది, ఆ తర్వాత కొద్దిగా వేడెక్కనిచ్చి నూనెలో ముంచాం. తీసి ఆకురాయితో గీస్తే గాజు మీద జారినట్టు జారింది. అలాగే వదిలేస్తే పెళుసు, రాతి మీద పడితే పెంకు లేస్తుంది. అందుకే మెరుగుపెట్టి, కాలిన ఇనుప దిమ్మ మీద వీపు ఆనించి మళ్ళీ మెల్లగా వేడి చేశాం. అంచు ఎండుగడ్డి రంగుకు రాగానే తీసేశాం, వీపు అప్పటికి నీలం తిరిగింది. అంచు గట్టిగా ఉంటుంది, వీపు దెబ్బ ఓర్చుకుంటుంది. మన పందిరి గుంజ మీద కొట్టి చూశాను, అంచు చెదరలేదు.

దీనికి తుప్పు పడుతుంది, ఆ మాట దాచను. మీ శివమొగ్గ వైపు వానలకు ఒక్క రాత్రిలో ఎర్ర పొడి లేస్తుంది. పని కాగానే తుడువు. రోజూ కొబ్బరి నూనె చుక్క వేసి గుడ్డతో రుద్దు. తోలు ఒరలో పెట్టి వదిలేయకు, తోలు తేమ పట్టి ఉంచుతుంది. పులుపు తగిలి నీలం, బూడిద రంగు మచ్చలు వస్తే భయపడకు, అది ఉక్కు మీద నిలిచే పొర, ఎర్ర తుప్పును కొంత అడ్డుకుంటుంది. ఎర్రది మాత్రం కనబడిన రోజే రుద్ది తీసెయ్. కోసేటప్పుడు అంచు నీ నుంచి అవతలికి పోవాలి. కూర్చుని తొడల మధ్య కోయకు. అలసిపోయాక కత్తి తీయకు, చీకట్లో అసలే తీయకు. ఇవన్నీ నీకు తెలుసు, తెలుసని నాకూ తెలుసు, అయినా రాస్తున్నాను.

కొన్ని వారాలుగా వీడియో కాల్ అంటే సిగ్నల్ లేదంటున్నావు. మాటకు ఉన్న సిగ్నల్ ముఖం చూపడానికి లేదా? అమ్మ ఏమీ అడగడం లేదు కానీ ఫోను పెట్టేశాక వంటింట్లో గిన్నెలు గట్టిగా పెడుతోంది. నిన్ను ఎవరూ ఇంటికి రమ్మనరు, ఉద్యోగం మానమనరు. ఎన్ని కుట్లు పడ్డాయి, వేళ్ళు పూర్తిగా ముడుచుకుంటున్నాయా, ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకున్నావా, ఆ కత్తి ఎలా జారింది? ఇంతే రాయి. బొటనవేలి కింద అయితే నరం చూపించుకోకుండా వదలకు, తిమ్మిరి ఉందంటే ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళు.

రాజు బావ వచ్చే వారం కారులో బెంగళూరు వస్తున్నాడు. అక్కడి నుంచి నీ దగ్గరకు చేర్చే పూచీ అతనిది. కత్తి, సానరాయి, మెత్తటి గుడ్డలు, అమ్మ పెట్టిన చింతకాయ పచ్చడి పంపుతున్నాను. కుట్లు పూర్తిగా మానేదాకా కత్తి జోలికి పోకు, నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టు. పచ్చడి సీసా మూత బిగుసుకుంటే దానితో ఎత్తకు, ఆ పులుపు ఆరకముందే ఉక్కును కొరుకుతుంది, మొన చెడుతుంది. వేడి నీళ్ళలో మూత ముంచితే అదే వస్తుంది, అదీ కుడి చేత్తో.

ఆశీస్సులతో,
బాపు