ఆ పాత టైర్ లివర్లు పంపు నాన్నా

ఎడ్మంటన్, కెనడా,
మే 18

నాన్నా,

పెరంబూరులో ఎండలు మండిపోతున్నాయని అక్క చెప్పింది. ఇక్కడ ఇప్పుడిప్పుడే మంచు పోయింది, బండి బయటికి తీశాను. ఫోన్లో చెప్దామంటే అమ్మ మధ్యలో లాక్కుంటుంది, నువ్వు ‘సరే సరే’ అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

ఆగస్టు మూడో వారంలో బండి మీద ఉత్తర దిక్కుగా వెళ్తున్నాను. టుక్టోయాక్టుక్ అని ఒక ఊరు, ఆర్కిటిక్ సముద్రం ఒడ్డున ఉంటుంది. ఇక్కణ్ణుంచి డాసన్ సిటీ దాకా రెండున్నర వేల కిలోమీటర్లు చాలావరకు తారు రోడ్డే, దాని గురించి చెప్పడానికేం లేదు. ఆ తర్వాత వచ్చే డెంప్‌స్టర్ హైవేతోనే టెన్షన్. పేరుకి హైవే, దాదాపు అంతా కంకరే. ఇనూవిక్ అనే ఊరి దాకా సుమారు 740 కిలోమీటర్లు, అంటే మన చెన్నై నుంచి కన్యాకుమారి అనుకో. ఇనూవిక్ దాటి సముద్రం దాకా ఇంకో 140. ఆ ముక్క 2017లోనే తెరిచారు.

నువ్వు మొదట అడిగేది పెట్రోలు గురించేనని తెలుసు. ఆ రోడ్డు ఎక్కాక ఈగిల్ ప్లెయిన్స్‌లో బంకు ఉంది, 369వ కిలోమీటరు దగ్గర. డాసన్ నుంచి రోడ్డు మొదలయ్యే చోటికే ఒక 40 ఉంటుంది. కలిపితే 409. నా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ ట్యాంకు 15 లీటర్లు. మామూలుగా లీటరుకి 30 కిలోమీటర్లు ఇస్తుంది, కానీ సామానూ ఎదురుగాలీ కంకరా కలిస్తే 25కి పడిపోతుందని లెక్కేసుకున్నాను. 375 దగ్గర ఆగిపోతే మిగతాది తోసుకుంటూ పోవాలి! అందుకని 5 లీటర్ల క్యాను కట్టుకుంటున్నాను. బండి పుట్టిందేమో మన చెన్నైలో, పాపం దానికీ ఈ చలి కొత్తే.

ఆ రోడ్డు వేసిన తీరు నీకు నచ్చుతుంది. అక్కడ నేల లోపల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. పైన మట్టి గీకి రోడ్డేస్తే లోపలి ఐసు కరిగి రోడ్డు కుంగిపోతుంది. అందుకని నేలని కదపకుండా దాని మీదే మీటరు పైన, కొన్నిచోట్ల రెండు మీటర్లకి పైగా కంకర పోశారు. చల్లదనం పోకుండా కప్పిన దుప్పటన్నమాట. దుమ్ము లేవకుండా కాల్షియం క్లోరైడ్ చల్లుతారు. ఎండలో బాగానే గట్టిపడుతుంది, వాన పడితే మాత్రం అట్లపిండి మీద నడిపినట్టే. అది చెయినుకి పట్టిందంటే తుప్పు ఖాయం, రోజూ కడగాలి.

డెంప్‌స్టర్ అంటే ఒక పోలీసాయన. 1910 డిసెంబరులో ఫోర్ట్ మెక్‌ఫర్సన్ నుంచి డాసన్‌కి నలుగురు పోలీసులు కుక్కబళ్ల మీద బయల్దేరి దారి తప్పారు. తిండి అయిపోయి వెనక్కి తిరిగారు గానీ ఊరు చేరలేదు. మార్చిలో శవాలు వెతికి పట్టుకున్నది ఈయనే. దారి తెలిసిన అక్కడి మనిషిని మధ్యలో వెనక్కి పంపేశారట! టీ కొట్టు కనిపించిన ప్రతిచోటా బండాపి దారి అడిగేవాడివి కదా, నాకు సిగ్గేసేది. ఇప్పుడు సిగ్గు లేదులే.

ఈ ఒక్క పేరా అమ్మకి చదవొద్దు. ఎలుగుబంట్లు ఉంటాయి. వాటి కోసం స్ప్రే కొన్నాను. వంట ఒకచోట, పడక దూరంగా ఇంకోచోట. చాలా దూరం సెల్ సిగ్నల్ ఉండదు కాబట్టి శాటిలైట్ మెసెంజర్ తీసుకున్నాను. రోజూ సాయంత్రం ‘తిన్నాను, పడుకుంటున్నాను’ అని అక్క ఫోనుకి మెసేజ్ వస్తుంది.

ఇక నాకు నిజంగా భయం పంచర్ గురించే. ఆ కంకర పదునుగా ఉంటుందంటారు, నావేమో ట్యూబు టైర్లు. పోయిన ఆదివారం అపార్ట్‌మెంట్ పార్కింగులో వెనక చక్రం విప్పి ప్రాక్టీసు చేశాను. నువ్వు బుల్లెట్‌కి ఇరవై నిమిషాల్లో చేసేవాడివి, నాకు గంటా యాభై నిమిషాలు పట్టింది. సబ్బునీళ్లు రాశాను, ట్యూబుకి పౌడర్ కూడా చల్లాను (అమ్మ పౌడర్ డబ్బా ఖాళీ చేసి నువ్వు తిన్న తిట్లు గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను). అంతా ఎక్కించి గాలి కొడితే సుయ్‌మంది. విప్పి చూస్తే కొత్త ట్యూబుకి పక్కపక్కనే రెండు చిన్న కోతలు, పాము కాటు లాగా. ఇక్కడ కొన్న, టైరు ఊడదీసే లివర్ల అంచులు కత్తుల్లా ఉన్నాయి, టైరుకీ రిమ్ముకీ మధ్య ట్యూబుని నొక్కేశాయి.

అప్పుడు గుర్తొచ్చాయి నీ లివర్లు. ఐసీఎఫ్ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో పని చేసే రోజుల్లో ఆకురాయితో అంచులు గుండ్రంగా అరగదీసి, చివర్న వేలితో తడిమి చూసుకునేవాడివి. బీరువా కింద రేకుపెట్టెలో ఉండాలి. జూలైలో బావ వస్తున్నాడుగా, అతని చేత పంపు. అలాగే పుదుపేటలో గానీ జీపీ రోడ్డులో గానీ హిమాలయన్ 411కి క్లచ్ కేబుల్ ఒకటి. పాతదాని పక్కనే కట్టేసి పెట్టుకుంటాను, తెగితే ఇట్టే మార్చుకోవచ్చు.

బావ సూట్‌కేసు బరువెక్కువైతే ఆవకాయ ఒక సీసా తగ్గించు, లివర్లు మాత్రం తీసెయ్యకు. ఈ మాట కూడా అమ్మకి చదవొద్దు.

నీ
చిన్నోడు