పుట్టింటి షుగర్ సంగతి అత్తింటి కార్డులో ఏది?

సంపాదకులకు,

అయ్యా,

చీపురుపల్లి దగ్గర అత్తవారిల్లు గల మా మేనకోడలికి ఎనిమిదో నెలలో షుగర్ బయటపడినప్పుడు, చుట్టుపక్కల మొదట వినబడినది ‘తీపి తిని తెచ్చుకుంది’ అన్న మాటే. సన్నని పిల్ల కావడంతో ఎవరికీ అనుమానం రాలేదు. టెక్కలిలో ఉన్న ఆమె తల్లికీ, అమ్మమ్మకూ షుగర్ ఉన్న సంగతి గర్భిణి ఆరోగ్య కార్డు రాసినవారు అడగలేదు, ఆమె చెప్పలేదు.

నెలలు నిండేకొద్దీ మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు కనుక, క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేయవలసి వస్తుంది; ఆ శక్తి కొందరికి పుట్టుకతోనే తక్కువ. టీసీఎఫ్7ఎల్2, ఎంటీఎన్ఆర్1బీ అనే జన్యువుల్లోని కొన్ని తేడాలు గర్భిణుల మధుమేహంతోనూ, టైప్ 2 మధుమేహంతోనూ ముడిపడి ఉన్నాయని పరిశోధనల్లో తేలింది. ఒక్కో జన్యువు తెచ్చే ముప్పు కొద్దిపాటిదే. వయసు, బరువు దానికి తోడవుతాయి. అందుచేత అందరికీ జన్యు పరీక్షలు చేయించమని నేను కోరడం లేదు. అమ్మానాన్నలకు, తోబుట్టువులకు షుగర్ ఉందా అని అడగడానికి పైసా ఖర్చు లేదు.

అయితే ఆ జవాబు పుట్టింట్లో ఉంటుంది, కార్డు అత్తింట్లో రాస్తారు. అత్తగారి ఎదుట పుట్టింటి జబ్బుల మాట ఎత్తడానికి కొత్త కోడలు జంకుతుంది. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం తొలి పరీక్షలో షుగర్ లేకపోయినా 24–28 వారాల మధ్య మళ్ళీ చూడాలి. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళు తాగించి, రెండు గంటల తర్వాత రక్తంలో షుగర్ డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములకు చేరిందా అని చూసే ఆ పరీక్షకు పరగడుపున రావలసిన పని కూడా లేదు. కానీ తొలిచూలు పిల్లను పురిటికి తీసుకువెళ్ళేది దాదాపు ఆ రోజుల్లోనే. అక్కడ చేసి ఉంటారని ఇక్కడివారు, ఇక్కడ చేస్తారని అక్కడివారు అనుకుంటారు. మా పిల్ల విషయంలో జరిగింది అదే. కాన్పయిన ఆరు వారాలకు చేయవలసిన పరీక్ష కూడా ఇలాగే తప్పిపోతుంది. గర్భంతో ఉండగా షుగర్ వచ్చినవారికి తర్వాత టైప్ 2 వచ్చే ముప్పు మిగతావారికంటే కనీసం ఏడు రెట్లు ఎక్కువ కాబట్టి, ఆ నష్టం చిన్నది కాదు.

ప్రతి నెలా 9వ తేదీన సురక్షిత మాతృత్వ అభియాన్ కింద పరీక్షలు చేసేటప్పుడు గర్భిణిని ఒంటరిగా కూర్చోబెట్టి పుట్టింట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని అడిగి రాయాలనీ, పుట్టింటికి బయలుదేరేలోపు రెండో పరీక్ష తేదీని కార్డు మీద వేసి అక్కడి ఆరోగ్య కార్యకర్తకు (ఏఎన్ఎం) ఫోన్‌లో తెలపాలనీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వైద్యాధికారులను కోరుతున్నాను. మా మేనకోడలి చెల్లెలికి ఇప్పుడు మూడో నెల. ఆమె కార్డులో ఆ వివరం రాయించే బాధ్యత మాది. అడిగించేవారు లేని ఆడపిల్లల కార్డుల సంగతి అధికారులే చూడాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా