అరిగిన రైలు భాగాలకు లోహపు పూత: బిట్రగుంటలో మొదలుపెట్టండి

సంపాదకుడు గారికి,

విజయవాడ–గూడూరు మార్గంలో మూడో లైను వస్తున్నకొద్దీ రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పాయింట్లు, పట్టాలు ఒకదాన్నొకటి దాటే క్రాసింగులు పెరుగుతున్నాయి. వెంకటాచలం దగ్గర కృష్ణపట్నం పోర్టు బొగ్గు గూడ్సు రైళ్లు ఈ లైనులోనే కలుస్తాయి. బరువు పెరిగితే అరుగుదలా పెరుగుతుంది. అరిగిన ప్రతి భాగాన్నీ తుక్కులో వేసి కొత్తది తెప్పించనక్కర్లేదు. పోయినంత లోహాన్ని తిరిగి పోసి, కొలతకు తెచ్చి వాడుకునే పద్ధతులు ఉన్నాయి.

త్రీడీ ప్రింటింగ్ అనగానే కొత్త వస్తువు తయారీయే గుర్తొస్తుంది. రైల్వేకు అంతకన్నా అక్కరకొచ్చేది దాని సోదర విద్య, లేజర్ క్లాడింగ్. లేజర్ కిరణం భాగం మీద చిన్న కరుగు మడుగు చేస్తుంది. 50–150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోహపు పొడిని ఆర్గాన్ వాయువుతో ఆ మడుగులోకి ఊదుతారు. ఒక్కో పొర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. చేతి ఆర్క్ వెల్డింగులో పైపూతలో పావు వంతు దాకా కింది లోహమే కలిసిపోయి పూత గుణం చెడుతుంది. లేజర్‌తో శ్రద్ధగా చేస్తే ఆ కలయిక ఐదు శాతం లోపే ఉంటుంది. వేడి తక్కువ కాబట్టి భాగం పెద్దగా వంకర పోదు.

ఇంజను చక్రాలను తిప్పే ట్రాక్షన్ మోటారు షాఫ్టునే తీసుకోండి. బేరింగ్ కూర్చునే చోట పదో వంతు మిల్లీమీటరు అరిగినా బిగుతు పోయి, లోపలి రింగు షాఫ్టు మీద జారడం మొదలవుతుంది. దాన్ని బాగుచేయాలంటే ముందు గ్రీజు పూర్తిగా కడగాలి, డై పెనెట్రెంట్‌తో (పగుళ్లలోకి ఇంకి వాటిని చూపే రంగు ద్రవంతో) పగుళ్లు వెతకాలి. పగులు కనబడితే ఆ షాఫ్టును అక్కడే పక్కన పెట్టాలి, దాని మీద పూత వేసి కప్పకూడదు. బాగుంటే అలసిన పైపొరను అర మిల్లీమీటరు లేత్ మీద తీసి, ఒక వరుస మీద ఇంకో వరుస మూడో వంతు నుంచి సగం దాకా ఎక్కేలా పూత వేయాలి. అసలు కొలత కన్నా అర మిల్లీమీటరు ఎక్కువగా పోసి, నిదానంగా చల్లార్చి, గ్రైండింగ్‌తో కొలతకు తేవాలి. షాఫ్టు మెట్టు దగ్గరి గుండ్రటి వంపులోకి పూత పోనివ్వకూడదు. ఒత్తిడి అంతా అక్కడే గుమిగూడుతుంది, పగులు పుట్టేదీ అక్కడే.

క్రాసింగుల దగ్గర పొరపాటుకు అవకాశం ఇంకా ఎక్కువ. మాంగనీసు పోత క్రాసింగులో 12–14 శాతం మాంగనీసు ఉంటుంది. దాన్ని వేడెక్కనివ్వకూడదు. పొరకూ పొరకూ మధ్య వేడి 150 డిగ్రీలు దాటనివ్వకూడదు; మరీ వేడెక్కితే కార్బైడ్లు (కార్బన్‌తో ఏర్పడే గట్టి రేణువులు) పేరుకుని క్రాసింగు ముక్కు, అంటే చక్రాలు ఎక్కే మొన, పెళుసుబారుతుంది. మామూలు పట్టాది సరిగ్గా దీనికి తలకిందులు. అందులో కార్బన్ 0.6–0.8 శాతం కాబట్టి 250–350 డిగ్రీలకు ముందే వేడి చేయకపోతే పూత కింది లోహం ఒక్కసారిగా గట్టిపడి పగులుతుంది. లేజర్ పని త్వరగా చల్లారుతుంది కాబట్టి ఈ ప్రమాదం ఇంకాస్త ఎక్కువే. రెండింటినీ గుర్తుపట్టడం సులువు: మాంగనీసు పోతకు అయస్కాంతం అంటదు. అయితే దాని రేణువులు పెద్దవి, ధ్వని తరంగాలతో లోపాలు వెతికే అల్ట్రాసోనిక్ పరీక్ష అందులో సరిగా పనిచేయదు. అందుకే ప్రతి పొర తర్వాతా కంటితో, డై పెనెట్రెంట్‌తో చూడాల్సిందే. బ్లాక్ (పని కోసం రైళ్లు ఆపే సమయం) దొరికిన కొద్దిసేపట్లో పట్టా మీదే హడావుడిగా చేసే వెల్డింగులో ఈ వేడి లెక్కలు తప్పుతాయి. అరిగిన క్రాసింగును తీసి వర్క్‌షాపుకు చేర్చి, దాని స్థానంలో బాగుచేసిన దాన్ని వేసే పద్ధతి మేలు.

మన తీరంలో ఉప్పుగాలి సంగతి వేరే చెప్పాలి. భాగం మీది ఉప్పును మంచినీటితో కడిగి ఆరబెట్టకపోతే, పూత కింద చిక్కిన క్లోరైడ్ లోపల్లోపలే తుప్పు పట్టిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానల్లో తెరిచి ఉంచిన లోహపు పొడి తేమ పీల్చి, పూతలో సూదిమొన బెజ్జాలు పడతాయి. పొడిని వాడేముందు ఓవెన్‌లో ఆరబెట్టాలి, గదిలో తేమ కొలిచే మీటరు ఉండాలి. ఇది తక్కువ ఖర్చు పని, కానీ ముందుగా వదిలేసేదీ ఇదే.

చక్రాల ఇరుసులకు మాత్రం ఈ పని వద్దు. తిరిగేకొద్దీ ఇరుసులో లాగుడు, నొక్కుడు మారుతూనే ఉంటాయి. పోసిన లోహంలో చిన్న లోపం ఉన్నా అలసట పగులు అక్కడి నుంచే పాకుతుంది. ఇంత స్పష్టంగా గీత గీయకుండా ఈ సాంకేతికతను తెస్తే ప్రాణాల మీదికి వస్తుంది.

ఆవిరి ఇంజన్ల కాలంలో లోకో షెడ్డుతో కళకళలాడిన బిట్రగుంటలో రైల్వే స్థలం ఉంది. నెల్లూరుకూ ఒంగోలుకూ మధ్య, మెయిన్ లైను మీదే ఉంది. అక్కడ ఒక లేజర్ క్లాడింగ్ యంత్రం, లేత్, గ్రైండర్, పరీక్షల గదితో చిన్న మరమ్మతు కేంద్రం పెట్టాలని రైల్వే అధికారులను, మన పార్లమెంటు సభ్యులను కోరుతున్నాం. లేజర్ పూతలోనూ, పొడిని కరిగించకుండా వేగంగా చిమ్మి అతికించే కోల్డ్ స్ప్రేలోనూ అనుభవమున్న కేంద్ర పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ హైదరాబాద్ బాలాపూర్‌లోనే ఉంది. ఏ భాగానికి ఏ పూత వేయాలో ముందుగా రైల్వే పరిశోధన, ప్రమాణాల సంస్థ ఆర్‌డీఎస్‌వోతో తేల్చుకోవాలి. చుట్టుపక్కల ఐటీఐల్లో వెల్డింగ్, మెషినిస్టు కోర్సులు చదివినవారికి శిక్షణనిచ్చి అందులో పని ఇవ్వాలి. బాగుచేసిన ప్రతి భాగం మీదా నంబరు చెక్కి, ఏ పొడి వాడారో, ఎంత వేడి ఇచ్చారో, ఎవరు పరీక్షించారో రికార్డులో రాయాలి. ఆ రికార్డు లేని భాగాన్ని రైలుకు బిగించకూడదు.

– వెల్డింగ్, మెషినింగ్ వృత్తిలో ఉన్నవారు కొందరు, కావలి