బలుసు పీకి కోనోకార్పస్ పంపిన అధికారి గారికి

జిల్లాలో మొక్కల పెంపకం చూస్తున్న అధికారి గారికి నమస్కారం.

ఇది ఐదో ఉత్తరం. ముందు ఇచ్చిన నాలుగు అర్జీలకు రశీదులున్నాయి, జవాబులే లేవు. అందుకే ఈసారి కవరులో పెట్టకుండా నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఊరి వెనక బంజరులో తిండికి పనికొచ్చే మన చెట్లతో అడవిలాంటి తోట పెంచుకుంటామని అడిగాం. "జాబితా ఇవ్వండి, మొక్కలు మేమిస్తాం" అన్నారు. ఇచ్చాం. పైన నీడకు ఇప్ప, నేరేడు. వాటి కింద వెలగ, ఉసిరి, మొర్రి, తునికి. పొదల్లో కలివి, పరికి, బలుసు. చెట్లకు పాకించడానికి ఆకాకర. దానికి ఆడ తీగ, మగ తీగ వేరు కాబట్టి రెండూ కావాలని పక్కనే రాశాం కూడా. అడుగున కంద. మీరు చదివి "బాగుందయ్యా" అన్నారు. ఆ మాట ఇంకా మా చెవుల్లోనే ఉంది, మొక్కలే రాలేదు.

మొక్కల కంటే ముందు జేసీబీ వచ్చింది. "పిచ్చి మొక్కలు తీసి సైటు క్లీన్ చెయ్యమన్నారు" అన్నాడు డ్రైవరు. పాపం అతని తప్పేం లేదు. ఒక్క పూటలో క్లీనైపోయింది. సాయంత్రం వెళ్లి చూస్తే గట్టు మీద కుప్ప. అందులో కలివి పొదలున్నాయి, పచ్చికాయలతో సహా. పరికి కంప ఉంది. తునికి వేళ్లు చీలికలు పేలికలై ఉన్నాయి. చెట్టు కొట్టేసినా ఆ వేళ్ల నుంచే పిలకలు లేస్తాయండీ, ఆ ఆశ కూడా మిగల్లేదు. కుప్ప అడుగున బలుసు. బతికుంటే బలుసాకు తినొచ్చంటారు. మాకు బతుకు ఉంచారు, బలుసాకు తీసుకుపోయారు.

అంటే మేం మిమ్మల్ని అడిగిన మొక్కల్లో ఆ కుప్పలో తేలిన నాలుగు రకాలు, ఎవరూ నీళ్లు పొయ్యకుండానే, అప్పటికే అక్కడ బతుకుతున్నాయి. వాటి పేర్లు మా ఊరి జీవవైవిధ్య రిజిస్టరులోనూ ఉన్నాయి. 2002 జీవవైవిధ్య చట్టం పుణ్యమా అని రాయించిన రిజిస్టరే. ఏ పండు ఏ నెలలో వస్తుందో, ఏ ఆకు దేనికి పనికొస్తుందో ముసలివాళ్లు అరుగు మీద కూర్చుని చెబితే రాసుకున్నారు. ఇప్పుడది బీరువాలో భద్రంగా ఉంది. జేసీబీకి చదువు రాదు సరే, దాన్ని పంపినవాళ్లకు వచ్చు కదా?

వానలు వెళ్లిపోయాక, అక్టోబరు చివర్లో లారీ దిగింది. కోనోకార్పస్! రోడ్ల పక్కన అందానికి పెంచే పరాయి చెట్టు. 2023లో గుజరాత్ ప్రభుత్వం నాటొద్దని ఆపేసిన చెట్టు మా తినే తోటకు వచ్చింది. దాని కాయతో ఏ పచ్చడి పెట్టుకోవాలో ఆ సర్క్యులర్ కూడా పంపిస్తే బాగుండేది. ఒక సంచి చింపి చూశాను. వేళ్లు అడుగున చుట్టలు చుట్టుకుని, పేడతట్ట కింది చుట్టకుదురులా బిగుసుకుపోయాయి. ఎన్నాళ్లుగా ఆ సంచిలో ఉందో పాపం. మీవాళ్లు ఫొటో తీసిన రోజున మాత్రం అన్నీ పచ్చగానే ఉన్నాయి.

పరాయి చెట్లంటే మాకు కోపం లేదండీ. చింత ఆఫ్రికా నుంచి వచ్చింది, జామ, సీతాఫలం అమెరికా ఖండం నుంచి. వాటిని కాదన్నామా? తినేది ఇమ్మన్నాం, అంతే.

"మీరడిగినవి నర్సరీలో లేవు" అన్నారు. ఎందుకు లేవో నేను చెబుతాను. నేరేడు గింజ ఆరిపోతే మొలవదు, పండు తిన్న కొద్ది రోజుల్లోనే మట్టిలో పడాలి. ఆ సంగతి తెలిసే మా ఆడవాళ్లు జూన్‌లో గుజ్జు కడిగి గోనెసంచెడు గింజలు మీ నర్సరీకి మోసుకొచ్చారు. "ఎస్టిమేట్ శాంక్షన్ కావాలి, అక్కడ పెట్టండి" అని షెడ్డులో మూల చూపించారు. శాంక్షన్ ఆగస్టులో వచ్చింది. ఫైలు ఎన్నాళ్లయినా ఆగుతుంది సార్, నేరేడు గింజ ఆగదు.

మీ ఆఫీసులో ఒకాయన ఇదంతా ఫారిన్ ఫ్యాషన్ అన్నారు. ఇంగ్లండ్‌లో ఇలాంటి తోట పెంచి, అందులో మొక్కలవి ఏడు అంతస్తులని లెక్క చెప్పిన రాబర్ట్ హార్ట్ కూడా కేరళ పెరటి తోటల్ని ఆదర్శంగా చెప్పుకున్నాడని ఆయనకు చెప్పండి. లేదా వద్దులెండి, మళ్లీ దానికో ఫైలు పెడతారు.

మాకు మొక్కలు కావాలి. మన మొక్కలు, వానకు ముందు. అవీ ఇవ్వలేకపోతే మీ షెడ్డులో పాతిక ఖాళీ సంచులు, కాస్త మట్టి ఇవ్వండి, గింజలు మేమే వేసుకుంటాం. అదీ కుదరదంటే ఉన్నవాటి జోలికి రాకండి.

బంజరు చివర ఇంకా ఒక మొర్రి చెట్టు మిగిలింది. సోమవారం జేసీబీ మళ్లీ వస్తుందట. డ్రైవరుకు ఒక్క ఫోన్ చెయ్యండి సార్. అతను మంచివాడే, చెబితే వింటాడు.

ఇట్లు,
మీ పాత అర్జీదారు