ఫిల్టరు ఒక్కటీ మారిస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

పాత మోటారు సైకిళ్ల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. యమహా ఆర్‌ఎక్స్ 100 బండికి కంపెనీ గాలి ఫిల్టర్ డబ్బా తీసేసి, డబ్బా లేని కోన్ ఫిల్టరు బిగిస్తే పికప్ పెరుగుతుందని అందులో రాశారు. అది సగం మాటే. మిగతా సగం తెలియక నేను ఒక పిస్టన్ పోగొట్టుకున్నాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

1985లో వచ్చి 1996లో తయారీ ఆగిపోయిన ఈ 98 సీసీ బండిలో పెట్రోలును కొలిచి పంపేవి, గాలినీ పెట్రోలునూ కలిపే కార్బురేటరులోని సన్న రంధ్రాల ఇత్తడి జెట్లు. కంపెనీ ఫిల్టరూ దాని డబ్బా కలిసి గాలిని ఎంత అడ్డుకుంటాయో లెక్కగట్టే వాటి రంధ్రాల సైజు నిర్ణయించారు. ఆ అడ్డు తగ్గించి జెట్లను అలాగే వదిలేస్తే పెట్రోలు వంతు తగ్గి, మిశ్రమం పలచబడి, ఇంజను వేడెక్కుతుంది. పైగా డబ్బా లేని కార్బురేటరు గాలి పీల్చే చప్పుడు పెద్దదై, బండికి బలం వచ్చిందన్న భ్రమ కలిగిస్తుంది. నేనూ ఆ చప్పుడుకే మురిసిపోయాను.

బెంగళూరులో నెల రోజుల పాటు ఏ ఇబ్బందీ కనిపించలేదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున్న ఈ ఊళ్లో గాలే పలచన కాబట్టి పాత జెట్లు ఎలాగో నెట్టుకొచ్చాయని తరువాత అర్థమైంది. సంక్రాంతికి కోలారు, పలమనేరు మీదుగా చిత్తూరు బయలుదేరాను. మొగిలి ఘాట్ దిగేసరికి ఎత్తు సగానికి పైగా తగ్గింది, గాలి చిక్కబడింది, దాంతో మిశ్రమం ఇంకా పలచబడింది. ఖాళీ రోడ్డు చూసి యాక్సిలరేటరు పూర్తిగా తిప్పిన కొద్ది నిమిషాలకే పిస్టన్ పట్టేసి వెనక చక్రం బిగుసుకుంది. వెంటనే క్లచ్ పట్టుకోబట్టి పడకుండా ఆగగలిగాను. విప్పి చూస్తే స్పార్క్ ప్లగ్ సున్నం రాసినట్టు తెల్లగా ఉంది, మిశ్రమం పలచబడిందనడానికి అదే గుర్తు.

ఓపెన్ ఫిల్టరే కావాలనుకునేవారు మెయిన్ జెట్‌ను మొదట కాస్త పెద్దదే వేసి, ఖాళీ రోడ్డు మీద పూర్తి యాక్సిలరేటరుతో కొంతదూరం నడిపి, క్లచ్ పట్టి ఇంజనును అక్కడికక్కడే ఆపి ప్లగ్ చూడాలి. కాఫీ పొడి రంగు వచ్చేదాకా ఒక్కో సైజు తగ్గించుకుంటూ రావాలి. మెయిన్ జెట్ పనిచేసేది యాక్సిలరేటరు ముప్పావు వంతు దాటాకే కనుక, సగం దగ్గర మిశ్రమం పలచగా ఉంటే కార్బురేటరులోని సూది (నీడిల్) క్లిప్‌ను ఒక గాడి కిందికి మార్చి పెట్రోలు పెంచాలి. కార్బురేటరుకు ఉండే ఎయిర్ స్క్రూ ప్రభావమంతా ఐడ్లింగులోనూ (యాక్సిలరేటరు తిప్పకుండా ఇంజను నడిచేటప్పుడు), యాక్సిలరేటరు కొద్దిగా తిప్పినప్పుడూ మాత్రమే. నా మెకానిక్ ఆ స్క్రూ ఒక్కటీ తిప్పి ట్యూనింగు అయిపోయిందన్నాడు. పొగ పరీక్ష కూడా ఐడ్లింగులోనే చేస్తారు కాబట్టి సర్టిఫికెట్ చేతికి వచ్చినా ఈ లోపం బయటపడదు.

ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు మిశ్రమాన్ని మరికాస్త పలచన చేస్తుంది, ఎందుకంటే ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది. నేను సిలిండరు బోరు చేయించి, కొత్త పిస్టన్ వేయించి, బండి విడిభాగాలు దొరికే జేసీ రోడ్డులో వెతికి పాత తరహా ఫిల్టర్ డబ్బానే మళ్లీ బిగించుకున్నాను. ఇథనాల్ కోసం మెయిన్ జెట్ మాత్రం ఒక సైజు పెంచాను. ఈసారి ఇలాంటి వ్యాసం వేసినప్పుడు ఫిల్టరుతో పాటు జెట్ల సంగతి కూడా రాయించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, కె.ఆర్.పురం, బెంగళూరు